కరణి మహిమ

కడపసీమయందలి ఎర్రగుంట్ల ప్రాంతము నాపరాతికి ప్రసిద్ధము. పలకను వ్రేలితో తట్టినచో పగులులేనిది ఖంగున మ్రోగును; పగిలినది బొంగురుగా పలుకును. అయినను ఆ ఖంగుమను ధ్వని గానమునకు శ్రుతి కాజాలదు. ఏల?

కొట్టబడిన ప్రతి వస్తువును ఒకేమారు అనేకవిధముల కంపించును. అందువలన ఒక మూలస్వరమును, దానితోబాటు పెక్కు ఉపస్వరములును పుట్టును. వీణతీగయందు ఉపస్వరముల కంపనసంఖ్య మూలస్వరమునకు 2, 3, 4 రెట్లుగా నుండును. లెక్క కుదిరినందున చెవికి అవన్నియు నొక్కస్వరముగనే తోచును. రాతిపలకకు ఆ పొందిక లేదు. సమముగా బిగించిన చర్మమునకును లేదు. అందు మొదటి ఉపస్వరము సుమారు 1.59 రెట్లు, రెండవది 2.14 రెట్లు.

మృదంగమును చర్మవాద్యమే కదా, దానికి శ్రుతి యెట్లు కలిగెను? కుడిమూత నడుమనున్న నల్లని కరణియే కారణము. ఇనుము, మాంగనీసు గల రాతిపొడిని అన్నపుముద్దతో నూరి, పలుచని పొరలుగా పూసి, ఒక్కొక్క పొరను నునుపురాతితో రుద్దుదురు. మూలస్వరము పలుకునప్పుడు చర్మము నడుమనే మిక్కిలి కదలును. అచ్చట బరువుండుటచే ఆ స్వరము బాగుగా తగ్గును. మొదటి ఉపస్వరమునకు నడిమి బిందువు కదలదు గనుక అది అంతగా తగ్గదు. ఇట్లు 1.59 అను నిష్పత్తి పెరిగి 2కు చేరును. తక్కినవియు క్రమముగా 3, 4, 5 రెట్లకు సర్దుకొనును.

విశాఖపట్నమున బాల్యవిద్య నభ్యసించిన సర్ సి.వి. రామన్, శివకాళి కుమార్‌తో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికయందు ఈ విశేషమును ప్రకటించెను. 1934లో దానిని మరింత విపులముగా నిరూపించెను. పూర్వపు వాద్యశిల్పులు గణితము వ్రాయకయే చెవితో దీనిని సాధించియుండిరి.

అన్నమాచార్యుడు జన్మించిన ఈ సీమలో భజనమందిరములకు మృదంగము ప్రాణము. కరణి రాలినప్పుడు కొందరు మరింత బలముగా వాయింతురు. బలముచే ధ్వని పెరుగునే గాని శ్రుతి కుదరదు. పైగా గాయకుని గళము దారితప్పును. కరణిని మరల వేయించుటయే మార్గము. ఎడమమూతకు పెట్టిన తడిరవ్వముద్దను భజన ముగిసినంతనే తీసివేయవలెను. తేమ తగిలిన చర్మము సడలును.

నడుమ నిలిచిన కొద్దిపాటి బరువు చెదరిన స్వరములను ఒక్కటి చేయుచున్నది. పలుతెరగుల చలించు మనస్సున భగవన్నామము చేయు పనియు నిట్టిదే.