పూలు మేసే చారల పురుగు

ప్రశ్న: మా గుట్ట కింద తుత్తురుబెండ పూలను నల్లటి పెంకు పురుగులు తినేస్తున్నాయి. పక్కనే మా కంది చేను ఉంది. మందు కొట్టాలా?
– ఒక రైతు, కల్మల (రాయచూరు జిల్లా)

జవాబు: రెక్కల మీద నారింజ పట్టీలుంటే అది మైలాబ్రిస్, అంటే బొబ్బలు లేపే పురుగు. ఆకు జోలికి పెద్దగా పోదు, పూరేకులే దాని మేత. కంది పూతకొస్తే అక్కడికీ వస్తుంది. అయితే దీని పిల్ల పురుగులు నేలలో మిడత గుడ్లు తిని బతుకుతాయి. కాబట్టి గుట్ట కిందివాటిని వదిలేయండి. పూత మీద మందు కొడితే ముందు చచ్చేది తేనెటీగలే. చేలోకి వస్తే పొద్దున్నే, మందకొడిగా ఉన్నప్పుడు, సబ్బునీళ్ల బకెట్లోకి దులపండి. చేతికి తొడుగు తప్పనిసరి: ముట్టుకుంటే కాళ్ల కీళ్లలోంచి పసుపు ద్రవం కారుస్తుంది, అందులోని కాంథరిడిన్ తగిలితే చర్మం పొక్కుతుంది. పశువుల మేతలో మాత్రం ఇవి పడనివ్వకండి.