అపరిచితులకు జాబు వ్రాయు విధము

ఉద్యోగము వెదకు కాలమున మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పిల్లలకు కలుగు మొదటి చిక్కు చదువు చాలకుండుట కాదు, తెలిసినవారు లేకుండుట. మేనమామ హైదరాబాదులోనో బెంగుళూరులోనో పెద్ద కంపెనీలో నున్నవానికి, ఫలానా చోట ఖాళీ యున్నదను వార్త ఇంటికే వచ్చును. కుందూ గట్టున వరి పండించు రైతు బిడ్డకును, ఆళ్లగడ్డలో రాయి చెక్కు శిల్పి బిడ్డకును ఆ వార్త చేరదు. ఇట్టివారు తాము ముఖమెఱుగని యుద్యోగులకు, 2003లో మొదలైన లింక్డిన్ వంటి చోట్ల, తామే జాబు వ్రాసి పరిచయము సంపాదించుకొనవలసి యున్నది.

దూరపువారి వలన పని యగునా యని తలిదండ్రులు సందేహింతురు. మార్కు గ్రానొవెటర్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు 1973లో ప్రకటించిన వ్యాసమున నొక వింత లెక్క కలదు. బోస్టను నగరపు శివారున, తెలిసినవారి ద్వారా క్రొత్త పని దొరికినవారిని ఆయన విచారించెను. వార్త చెప్పినవారిని తాము తఱచుగా కలిసికొనుచుంటిమని చెప్పినవారు నూటికి పదునేడుగురికి లోపే! తక్కినవారికి ఎప్పుడో యొకప్పుడు కనబడువారే వార్త చెప్పిరి. ఇందు ఆశ్చర్యమేమి? మన యింటివా రెఱిగినది మనమును ఎఱిగియే యుందుము.

అపరిచితులకు వ్రాసిన జాబులలో మన దక్షిణదేశమున మిక్కిలి పేరొందినది శ్రీనివాస రామానుజము 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునకు వ్రాసినది. అంతకు మునుపు 1910లో ఆయన నెల్లూరు కలెక్టరైన ఆర్. రామచంద్రరావు గారిని పరిచయపత్రముతో కలిసికొని, వారి వలన కొంతకాలము నెలనెలా సాయము పొందెను. హార్డీ విషయమున అట్టి ముఖపరిచయము లేదు. అయినను ఆ జాబు నడచిన తీరు చూడుడు. మద్రాసు పోర్టు ట్రస్టులో స్వల్ప జీతపు గుమాస్తానని మొదటి వాక్యముననే చెప్పుకొనెను. విశ్వవిద్యాలయపు చదువు లేదని దాచక తెలిపెను. పిమ్మట హార్డీ ప్రకటించిన యొక చిన్న గ్రంథమును పేర్కొని, అందు 36వ పుటలో ఇంకను తేలలేదన్న విషయమున తాను కనుగొన్నదేమో వ్రాసెను. (ప్రధాన సంఖ్యలను గూర్చిన ఆ ఫలితము పూర్తిగా సరి కాదని తరువాత తేలినది, అయినను జాబు చదువబడినది గదా.) సిద్ధాంతముల కాగితములు జతచేసి, చూచి సలహా యిమ్మని కోరెనే కాని ఉద్యోగ మిమ్మని యడుగలేదు. హార్డీ ప్రత్యుత్తర మిచ్చిన తరువాతనే, ఫిబ్రవరి 27వ తేదీ జాబులో, విద్యార్థి వేతనము దొరకుటకు తోడ్పడునట్లు ఒక జాబు వ్రాయుడని అడిగెను. ఆ యేటనే మద్రాసు విశ్వవిద్యాలయము ఆయనకు నెలకు 75 రూపాయల వేతన మిచ్చినది.

ఇక మన పిల్లల జాబులు. "హాయ్" అని వ్రాసి ఊరకుండువారు కొందఱు. ఇది తలుపు తట్టి, ఎవరని యడిగినను పలుకక నిలుచుట వంటిది. "సార్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి" అని వ్రాయువారు మఱికొందఱు. ఏ పని, ఎవరికి, ఎందువలన అను మూడును చదువరియే ఊహించుకొనవలెను. అంత తీరిక ఎవరికి కలదు? ఒకే జాబును నూరుమందికి పంపుటయు వ్యర్థమే. ఈ క్రింది దానిని చూడుడు.

"నమస్కారమండి. మాది ఆళ్లగడ్డ. నేను ఈ యేడు సివిల్ డిప్లొమా ముగించినాను. పునాదుల మట్టిపరీక్షలను గూర్చి మీరు వ్రాసినది చదివినాను. మా ఊరి నల్లరేగడిలో గోడలు పగులుటపై నేనొక ప్రాజెక్టు చేసినాను. మట్టిపరీక్షశాలలో క్రొత్తవారికి మొదట ఏ పని యిత్తురో తెలుపగలరా? రెండు వాక్యములైనను చాలును."

ఇందు పొగడ్త లేదు, దైన్యము లేదు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనునని ఆ యింజనీరు ఎఱుగును గనుక, ఈ పిల్ల కన్నులు తెఱచి చదివినదని అతనికి వెంటనే తోచును. ప్రశ్నకు జవాబు రెండు నిమిషములలో వ్రాయవచ్చును. పరిచయము కోరుచు పంపు చీటీకి లింక్డిన్ ఇచ్చు చోటు కొన్ని వందల అక్షరములే గనుక, పొడవు ఇంతకు మించరాదు.

పిలుపును గూర్చి యొక మాట. మన సీమలో "అన్నా" యనుట మర్యాదయే. కాని ముఖమెఱుగనివారికి తొలి జాబున పేరు చివర "గారు" ఉండవలెను. అన్నరికము వారే యిచ్చినపుడు పుచ్చుకొనవచ్చును.

పలుమార్లు జవాబు రాదు. హార్డీకి ముందు రామానుజము కేంబ్రిడ్జిలోని బేకరు, హాబ్సను అను పండితులకు వ్రాసెను, సాయము దొరకలేదు. పది దినముల పిమ్మట ఒక్కసారి వినయముగా జ్ఞాపకము చేయవచ్చును. ఆపైన మఱియొకరికి వ్రాయుట మేలు.

తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఉద్యోగ మిచ్చెదమని తామై సందేశము పంపి, రిజిస్ట్రేషను రుసుమనియు డిపాజిట్టనియు సొమ్ము కోరువారు మోసగాండ్రు. పంట అమ్మిన డబ్బు వారి పాలు కానీయకుడు. ఆధారు ప్రతి, బ్యాంకు వివరములు, ఓటీపీ ఎవరికిని పంపరాదు. ఆడపిల్లలు తొలి సంభాషణలోనే ఫోను నంబరు ఇయ్య నక్కఱలేదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక ఆ క్షణమే 1930 నంబరునకు ఫిర్యాదు చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము చేతులు మాఱును.

జవాబు వచ్చినచో ఆ దినమే కృతజ్ఞత తెలుపుడు. వారు చెప్పిన పని చేసి, ఫలిత మేమయ్యెనో నెలకో రెండు నెలలకో మరల వ్రాయుడు. ఏదైన అడుగదలచిన, ఆ రెండవ జాబున అడుగవచ్చును.