బిడ్డను ఇల్లు దాటించుటకు ముందు

పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చు సమస్యలలో రోడ్లు, కాలువలు, మంచినీరు ముఖ్యమైనవే. కాని వానికంటె సున్నితమైన సమస్య మరియొకటి గలదు. పెద్దల నీడ తొలగిన బిడ్డను ఇంటనే యుంచవలెనా, బయటికి పంపవలెనా? ఈ నిర్ణయము చేయు అధికారము జిల్లాలోని బాలల సంక్షేమ సమితిది. అయినను ఆ సమితికి నిజము తెలియజేయగలవారు గ్రామస్థులే. కనుక ఆ నిర్ణయ మెట్లు జరుగవలెనో, అందు మన పాత్ర యేమో తెలిసికొందము.

కోనసీమలోని ఐ.పోలవరము మండలమునే తీసికొందము. గోదావరి పాయల నడుమ నున్న ఈ లంకలలో చేపల వేట, కొబ్బరి, కూలి ఆధారముగా బ్రతుకు కుటుంబము లనేకము. 1996 నవంబరు 6 నాటి తుఫానులో ఈ ప్రాంతపు ఇండ్లెన్నో సంపాదనపరులను పోగొట్టుకొన్నవి. కోనసీమ తల్లులు పలువురు కువైట్, మస్కట్ వంటి చోట్లకు ఇంటిపనికి పోయి, బిడ్డలను అమ్మమ్మల యొద్ద విడుచుటయు మన మెరిగినదే. అట్టి యొక యింటిని ఊహింతము. తండ్రి లేడు, తల్లి గల్ఫులో నున్నది, పదేండ్ల బాలికను, ఆరేండ్ల తమ్ముని సాకుచున్న అమ్మమ్మ మంచము పట్టినది. పిల్లలను ఏదైన ఆశ్రమమునకు పంపుడని ఇరుగుపొరుగువారు మంచి మనస్సుతోనే చెప్పుదురు. అది చివరి మార్గమే కాని మొదటిది కాదు.

2015 నాటి బాలల న్యాయ చట్టము ఈ మాటనే స్పష్టముగా చెప్పుచున్నది. బిడ్డ పోషణ మొదట కుటుంబము బాధ్యత. సంస్థలో నుంచుట అన్ని మార్గములు వెదకిన పిమ్మటనే. పేదరిక మొక్కటే బిడ్డను ఇంటినుండి వేరుచేయుటకు కారణము కారాదని ఐక్యరాజ్యసమితి 2009లో అంగీకరించిన మార్గదర్శక సూత్రములు తెలుపుచున్నవి. రుమేనియా దేశపు బుకారెస్టు నగరమున అనాథ గృహములందలి 136 మంది పసిబిడ్డలలో సగము మందిని పెంపుడు కుటుంబములందుంచి శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. కుటుంబములలో పెరిగినవారి బుద్ధివికాసము మెరుగుగా నుండెను. రెండేండ్లలోపు చేరినవారికి మేలు మరింత హెచ్చు.

అయితే మనము చూడవలసిన దేమి?

మొదటిది: ఇంట నున్నది లేమియా, అపాయమా? తిండికి, బట్టకు కొరత యున్నచో సాయమును ఇంటికి చేర్చవలెను. మిషన్ వాత్సల్య పథకము క్రింద అర్హులైన బిడ్డకు నెలకు రు. 4,000 సహాయము కలదు. గ్రామములలో కుటుంబ వార్షికాదాయము రు. 72,000 మించరాదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు చేరవలెను.

కొట్టుట, లైంగిక హింస, వెట్టిచాకిరి, అమ్మకము వంటి అపాయమున్నచో ఒక్క పూటయు ఆగరాదు. వెంటనే 1098కి ఫోను చేయవలెను. రక్షించిన బిడ్డను ప్రయాణకాలము పోను 24 గంటలలో సమితి యెదుట హాజరుపరుపవలెను. పరువు పోవునని రచ్చబండ వద్ద రాజీ చేయుట బిడ్డకు ద్రోహము.

రెండవది: రక్తబంధువు లెవరు గలరు? మేనమామ, పిన్ని, పెదనాన్న మొదలగువారిని విచారింపవలెను. వారికి ఇష్టము, ఓపిక యున్నవా, ఆస్తిపై కన్నున్నదా యనునది ఊరివారికే తెలియును.

మూడవది: తోబుట్టువులు కలిసి యుండగలరా? సాధారణముగా బాలికలకు, బాలురకు గృహములు వేరు గనుక, పైని చెప్పిన అక్కాతమ్ములను సంస్థకు పంపినచో ఉన్న ఒక్క తోడును వారు పోగొట్టుకొందురు.

నాలుగవది: బిడ్డ యేమనుచున్నది? భయపెట్టు పెద్దలు లేనిచోట, నెమ్మదిగా అడిగి వినవలెను.

సమితిలో అధ్యక్షునితో పాటు నలుగురు సభ్యులుందురు. వారి ఆజ్ఞపై 15 దినములలో సాంఘిక విచారణ జరుగవలెను. బిడ్డ మొదట హాజరైన నాటినుండి నాలుగు నెలలలో తుది ఉత్తర్వు వెలువడవలెను. విచారణకు వచ్చిన అధికారికి మనము వదంతులు చెప్పరాదు. బిడ్డకు అన్నము పెట్టున దెవరు, బడికి పోవుచున్నదా, తల్లి డబ్బు పంపుచున్నదా అను సంగతులు చెప్పవలెను. అంగన్‌వాడీ కార్యకర్త, ఉపాధ్యాయుడు, ఆశా కార్యకర్త ఎరిగినదానిని జతపరుపవలెను.

మన యుదాహరణలో అమ్మమ్మకు వైద్యము, తల్లికి కబురు, మేనమామ యింట తాత్కాలికముగా వసతి, నెలసరి సహాయము సమకూరినచో ఆ పిల్లలు బడి మారకయే పెరుగగలరు. ఏ బంధువును లేనిచో పెంపుడు కుటుంబము, అదియు కుదరనిచో బాలల గృహము. పిల్లలు లేనివారికి అనాథబిడ్డను నోటిమాటపై ఇచ్చివేయుట మాత్రము శిక్షార్హమైన నేరము. దత్తత చట్టము ప్రకారమే జరుగవలెను.

బిడ్డను పంపుటతో పని ముగియదు. ఇంటి పరిస్థితి చక్కబడినంతనే తిరిగి రప్పించుటకు యత్నింపవలెను. పంచాయతీ సమావేశములందు ఊరు విడిచిన ప్రతి బిడ్డ విషయమును చర్చించుట మంచి పద్ధతి. గ్రామము మరువని బిడ్డకు ఇంటి దారి మూసికొనిపోదు.