మురుగు శుద్ధి ప్లాంటులో కొలువులు: మన జిల్లాల్లోనే

2011 జనాభా లెక్కల ప్రకారం కరీంనగర్ నగరంలో ఉన్నది దాదాపు 2.61 లక్షల మంది. తలకు రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది ప్రమాణం. వాడిన నీళ్లలో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని ఇంజినీర్లు లెక్కేస్తారు. గుణించి చూడండి, రోజుకు సుమారు 2.8 కోట్ల లీటర్లు, అంటే 28 ఎంఎల్‌డీ (రోజుకు పది లక్షల లీటర్లు ఒక ఎంఎల్‌డీ). అదీ పాత జనాభాకే. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు మీ ఊరికి ఈ లెక్క వేసుకొని వెళ్లండి. చాలామంది వేసుకోరు.

పైపులు వేసే పని ఏదో ఒకరోజు అయిపోతుంది. ప్లాంటు నడిపే పని మాత్రం దసరా లేదు, ఆదివారం లేదు, మూడు షిఫ్టులూ సాగాల్సిందే. కొలువు కోసం చూసేవాళ్లు టెండర్ వార్తల కన్నా ఈ నిర్వహణ కాంట్రాక్టుల మీద కన్నేయాలి.

కరీంనగర్, ఆదిలాబాద్‌లలో పని ఒకే తీరుగా ఉండదు. 2017లో స్మార్ట్ సిటీ జాబితాకెక్కిన కరీంనగర్‌లో భూగర్భ డ్రైనేజీ, శుద్ధి ప్లాంటు కాబట్టి పంపులు, మ్యాన్‌హోళ్లు, ల్యాబ్ తెలిసినవాళ్లు కావాలి. ఆదిలాబాద్‌లో ఎక్కువ ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే దిక్కు. అక్కడ ట్యాంకర్లతో తోడించడం, తోడినదాన్ని శుద్ధి చేయడం అసలు పని. అలాంటి శుద్ధి కేంద్రం వరంగల్‌లో 2017లోనే వచ్చింది. తెలంగాణ 2018లో దీనికో విధానమే తెచ్చింది.

ప్లాంటులో పని ఎలా ఉంటుందో ఒక్క పరీక్షతో చెప్తాను. గాలి ఊదే ట్యాంకు నుంచి నీళ్లు తెచ్చి లీటరు సిలిండర్‌లో పోసి అరగంట కదపకుండా ఉంచాలి. బురద 300 మి.లీ. గీత దగ్గర ఆగి, పైన నీళ్లు తేటగా కనిపిస్తే సాధారణంగా గండం లేనట్టే. 700 దగ్గరే నిలబడిపోతే బురద దిగడం లేదు, శుద్ధయిన నీళ్లతో పాటే కొట్టుకుపోతుంది. ఇక ట్యాంకులో చిక్కటి టీ రంగు, తడిమట్టి వాసన ఉంటే సూక్ష్మజీవులు బాగున్నాయి. నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన కొడితే ఆక్సిజన్ చాలడం లేదు, గాలి ఊదే బ్లోయర్ వైపు పరుగెత్తాలి. ప్లాంటు కరెంటు బిల్లులో సగానికి పైగా సాధారణంగా ఈ గాలి ఊదడానికే పోతుంది. శుద్ధి చెడకుండా ఆ బిల్లు తగ్గించగలిగిన ఆపరేటర్‌ను ఏ కాంట్రాక్టరూ వదులుకోడు.

బయటికి వదిలే నీళ్లలో బీఓడీ, అంటే అందులోని మలినాన్ని కరిగించడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్, లీటరుకు 30 మి.గ్రా. మించరాదని మన సైజు ఊళ్లకు 2017 కేంద్ర నోటిఫికేషన్ చెప్పింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10కి దించమంది. అందుకే ల్యాబ్‌కు విలువ పెరిగింది. బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లకు ఇదే దారి. ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఫిట్టర్లకు పంపులు, ప్యానెళ్లు ఉన్నాయి. డిప్లొమా, బీటెక్ వాళ్లు షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేరి పని నేర్చుకుంటూనే ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ ఏఈ, ఏఈఈ పోస్టులకు, కాలుష్య నియంత్రణ మండలి పోస్టులకు చదువుకోవచ్చు. ఆదిలాబాద్ పిల్లలకు హైదరాబాద్ కన్నా నాగ్‌పూర్ దగ్గర. పర్యావరణ ఇంజినీరింగ్‌లో దేశంలోనే పేరున్న పరిశోధన సంస్థ నీరి అక్కడే ఉంది. ఆ ఊరి మురుగు శుద్ధయి కొరాడి థర్మల్ కేంద్రానికి వెళ్తుంది. శుద్ధి ప్లాంటుకు 50 కి.మీ. లోపున్న థర్మల్ కేంద్రాలు ఆ నీళ్లే వాడాలని 2016 టారిఫ్ విధానంలోనూ ఉంది. థర్మల్ కేంద్రమున్న రామగుండం వైపు వాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

మొదట్లో జీతం తక్కువే, చాలావరకు ఔట్‌సోర్సింగే. చేరేముందు పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా, గ్యాస్ డిటెక్టర్ ఇస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. మ్యాన్‌హోల్‌లోని విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన ఆగింది కదా అని దిగినవాళ్లు తిరిగి రాలేదు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి జెట్టింగ్ మెషిన్లు ఉన్నాయి. "ఒక్కసారి దిగు తమ్మీ" అని మేస్త్రీ అన్నా సరే, దిగొద్దు.