మెస్ బిల్లు నేర్పిన పాఠం: అవసరాల నుంచి తార్కిక రూపకల్పన దాకా

సావనీరుకు కంప్యూటర్ల మీద ఒక వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం విద్యార్థులు వచ్చి అడిగారు. "అందరికీ అర్థం కావాలి సార్, సిలబస్ లాగా మాత్రం ఉండకూడదు" అని షరతు కూడా పెట్టారు. షరతు న్యాయమైనదే. కావున పాఠ్యపుస్తకంలోని ఉదాహరణ జోలికి పోకుండా, విద్యార్థి దశలో నేను చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసిన ఒక చిన్న పనిని ఆధారంగా తీసుకుంటాను. ఒక సంస్థ తన అవసరాలను మాటల్లో చెబుతుంది. ఆ మాటలు సమాచార వ్యవస్థ యొక్క తార్కిక రూపకల్పనగా ఎలా మారతాయన్నదే విషయం. సంస్థ అంటే పెద్ద కంపెనీయే కానక్కరలేదు. సరుకు కొని, వండి, వడ్డించి, డబ్బు వసూలు చేసే హాస్టల్ మెస్ కూడా ఒక వ్యాపారమే. ఈ పాఠకులలో మెస్ బిల్లు కట్టినవాళ్ళు, కట్టలేక నోటీసు బోర్డుకెక్కినవాళ్ళు చాలామందే ఉంటారు గనుక ఉపోద్ఘాతం అక్కరలేదు.

ముందుగా ఒక్క మాట. ఏ సమాచారం ఉంచుకోవాలి, అది దేని గురించినది, దానికీ మరో సమాచారానికీ సంబంధం ఏమిటి, ఏ నియమం ప్రకారం మారుతుంది, ఇంతవరకు తేల్చేది తార్కిక రూపకల్పన. దాన్ని ఏ యంత్రంలో, ఏ ఫైలులో, ఏ భాషలో పెట్టాలన్నది భౌతిక రూపకల్పన, అది తర్వాతి సంగతి. తార్కిక రూపకల్పన కాగితంలో "కంప్యూటర్" అన్న మాట ఒక్కసారి కూడా రాకపోయినా లోటు ఉండకూడదు.

1986లో నేను ఎం.సి.ఎ. చదువుతున్నాను. మా హాస్టల్లో డివైడింగ్ పద్ధతి. నెల మొదట్లో ఉన్న సరుకుకు ఆ నెల కొన్నది కలిపి, నెలాఖరుకు మిగిలినది తీసేస్తే ఖర్చయిన సరుకు విలువ వస్తుంది. అందులోంచి గెస్టు టోకెన్ల డబ్బు తీసేసి, మిగిలిన దాన్ని అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే రోజు రేటు. లెక్క తేలికకు గుండ్రటి అంకెలు వేసుకుందాం. 240 మంది, ఆగస్టు నెల, అంటే 7,440 భోజన దినాలు. సెలవు దినాలు 640 తీసేస్తే 6,800. సరుకు ఖర్చు రూ. 63,000, గెస్టు టోకెన్లు 300, టోకెను రూ. 6 చొప్పున రూ. 1,800. మిగిలిన రూ. 61,200ని 6,800తో భాగిస్తే రోజుకు రూ. 9. నెలంతా తిన్నవాడికి రూ. 279.

గుమాస్తాగారు ఈ లెక్కను నాలుగు రిజిస్టర్లు ముందేసుకుని వారం రోజులు చేసేవారు. డిపార్టుమెంటులో కొత్తగా పి.సి. వచ్చింది, డిబేస్ వచ్చింది, నాకు ప్రాజెక్టు కావాలి. వార్డెన్ గారి దగ్గరికి వెళ్ళి నియమాలు అడిగాను. ఆయన స్పష్టంగా చెప్పారు: మూడు రోజులకు తక్కువైతే మెస్ కట్ లేదు, ముందురోజు సాయంత్రం లోగా లీవు లెటరు ఇవ్వాలి, లెటరు లేకపోతే హాజరు ఉన్నట్టే లెక్క. రెండు సాయంత్రాల్లో ఫైలు నమూనా వేసేశాను. నంబరు, పేరు, రూము, నెల, సెలవు దినాలు, రేటు, మొత్తం. ఒకే ఫైలు, ఏడు గడులు. ఆగస్టు బిల్లు పావుగంటలో అచ్చయి బయటికొచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. నాకూ కొంచెం గర్వంగానే ఉండింది, దాచడమెందుకు?

ఆ నెల 9వ తారీకు రాత్రి మా జూనియర్ ఒకతనికి టెలిగ్రాం వచ్చింది. శ్రీకాకుళం జిల్లా కుర్రాడు. నాన్నగారు పోయారు. దొరికిన రైలెక్కి వెళ్ళిపోయాడు. పెద్దకర్మ అయ్యాక 22వ తారీకు పొద్దున తిరిగొచ్చాడు. లెటరు ఇవ్వలేదు, ఎలా ఇస్తాడు? 10 నుంచి 21 వరకు పన్నెండు రోజులు మెస్సులో మెతుకు ముట్టకపోయినా నా ప్రోగ్రాం అతనికి పూర్తి రూ. 279 వేసింది. అందులో రూ. 108 అతను తినని అన్నానికి. కర్మలకు చేసిన అప్పు మీద అప్పుగా రూమ్మేటు దగ్గర తీసుకుని కట్టేశాడు. ఎవరితోనూ అనలేదు. కంప్యూటర్ ఇచ్చిన బిల్లు తప్పు కాదేమో అనుకున్నాడట!

ఈ సంగతి నాకు నవంబరులో తెలిసింది, అదీ మాటల మధ్యలో. పాతరోజుల్లో ఇలాంటివి వస్తే ఏం చేసేవారని గుమాస్తాగారిని అడిగాను. ఆయన బీరువాలోంచి పాత హాజరు రిజిస్టరు తీసి చూపించారు. మార్జిన్లలో పెన్సిలుతో చిన్న చిన్న గుర్తులు. ఆస్పత్రి, ఇంట్లో చావు, ఎన్.ఎస్.ఎస్. క్యాంపు. నెలాఖరున ఆ పేజీలు వార్డెన్ గారికి చూపించి సంతకం పెట్టించుకునేవారట. "మరి నాకు చెప్పలేదేమండీ?" అన్నాను. "రూలు వార్డెన్ గారిని అడిగారు బాబూ, రిజిస్టరు నన్ను అడగలేదు కదా" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే.

ఇక్కడ కాస్త ఆగి పుస్తకాల సంగతి చూద్దాం. టామ్ డిమార్కో 1978లో వెలువరించిన వ్యవస్థా విశ్లేషణ గ్రంథంలో నాలుగు మెట్ల దారి చెప్పాడు. ఇప్పుడు పని వాస్తవంగా ఎలా జరుగుతున్నదో ముందు గీయాలి, అందులోంచి మనుషుల్నీ రిజిస్టర్లనూ తీసేసి తార్కిక సారం పట్టుకోవాలి, కొత్త అవసరాలు కలిపి కొత్త తార్కిక రూపం వ్రాయాలి, చివరికి యంత్రానికి దిగాలి. నేను నేరుగా నాలుగో మెట్టు మీద కాలు పెట్టాను. మొదటి మెట్టు కాలహరణమనే వాదన కూడా లేకపోలేదు. ఎడ్వర్డ్ యోర్డన్ 1989 నాటి తన పుస్తకంలో పాత వ్యవస్థను విస్తారంగా చిత్రించడం మానుకోమన్నాడు. ఏళ్ళ తరబడి నడిచే పెద్ద ప్రాజెక్టులకు ఆ సలహా సరిపోతుందేమో. ఒకే గుమాస్తా పాతికేళ్ళుగా నడిపే ఆఫీసులో మాత్రం అది పనికిరాదని నా అభిప్రాయం. అక్కడ సగం నియమాలు మార్జిన్లలో ఉంటాయి.

తప్పు ఎక్కడుందో వెతికితే, "హాజరు" అనే ఒక్క మాటలో ఉంది. వార్డెన్ గారికి హాజరు అంటే బిల్లు వేయదగిన రోజు. గుమాస్తాగారికి హాజరు అంటే మనిషి హాస్టల్లో ఉన్న రోజు. వంటమాస్టరుకైతే పొద్దున ఎన్ని గ్లాసుల బియ్యం పోయాలన్న అంకె. మూడూ వేరు వేరు వాస్తవాలు. నేను మూడింటినీ కుదించి "సెలవు దినాలు" అని ఒక్క గడిలో ఒక్క అంకెగా పెట్టాను. ఆ కుర్రాడి గడిలో సున్నా ఉంది. సున్నా అంటే ఊళ్ళోనే ఉన్నాడనా, లెటరు ఇవ్వలేదనా, ఇచ్చినా ఒప్పుకోలేదనా? ఆ గడి చెప్పలేదు.

అందుచేత ఈసారి ఫైలు సంగతి మరిచిపోయి, గుమాస్తాగారి పక్కన కూర్చుని ప్రతి మాటనూ "ఇది దేని గురించిన వాస్తవం?" అని అడుగుతూ వెళ్ళాను. పీటర్ చెన్ 1976లో ప్రచురించిన ఎంటిటీ–రిలేషన్‌షిప్ పద్ధతి సారాంశం ఇదే. ముందు వస్తువుల్ని, తర్వాత వాటి మధ్య సంబంధాల్ని గుర్తించాలి. విద్యార్థి ఒక ఎంటిటీ. నెల ఒక ఎంటిటీ (ఇది నాకు మొదట తట్టలేదు). గైరుహాజరు ఒకటి, దానికి విద్యార్థి, మొదలైన తారీకు, ముగిసిన తారీకు ఉంటాయి. లీవు లెటరు వేరొకటి, అందిన తారీకుతో సహా. లెటరు లేని గైరుహాజరు ఉండవచ్చు, లెటరు ఇచ్చి ఊరికి వెళ్ళనివాడూ ఉండవచ్చు. మంజూరు మూడోది: ఎవరు, ఎప్పుడు, ఎన్ని రోజులకు, ఏ కారణం మీద. బిల్లు వేయదగిన రోజులు ఈ మూడింటి నుంచి నియమం ప్రకారం లెక్కగట్టేవి. వాటిని ఎవరూ చేత్తో వ్రాయనక్కరలేదు.

ఆ తర్వాత ఎడ్గార్ కాడ్ 1970లో ఐ.బి.ఎం.లో ఉండగా ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా ప్రకారం పట్టికలు కట్టాలి. క్లాసులో నార్మలైజేషన్ అంటే విద్యార్థులు జంకుతారు గానీ, నా పాత ఏడు గడుల ఫైలును చూస్తే అందులో భయపడేదేమీ లేదని తెలుస్తుంది. ఆ ఫైలులో ఒక్కొక్క వరుసను గుర్తుపట్టేది నంబరు, నెల కలిసిన జంట. దాన్నే కీ అంటాం. పేరు ఆ జంట మీద ఆధారపడుతుందా? లేదు, ఒక్క నంబరు చాలు. అయినా నెలనెలా మళ్ళీ వ్రాస్తున్నాను. రేటు దేని మీద ఆధారపడుతుంది? ఒక్క నెల మీద. అయినా 240 సార్లు వ్రాస్తున్నాను. వాటిలో ఒక్కచోట 9కి బదులు 6 పడితే ఏది నిజమో ఫైలు చెప్పలేదు. కావున పేరు విద్యార్థి పట్టికకు, రేటు నెల పట్టికకు వెళ్ళాలి. రూము మరీ తమాషా. దసరా సెలవుల తర్వాత సగం మంది రూములు మారతారు. విద్యార్థి పట్టికలో రూము ఉంచితే జూలై బిల్లు మళ్ళీ తీసినప్పుడు కొత్త రూము పడుతుంది. అందుకని రూము కేటాయింపుకు తారీకులతో వేరే పట్టిక వేశాం. ఇన్ని పట్టికలెందుకయ్యా అని వార్డెన్ గారు విసుక్కున్నారు గానీ, గుమాస్తాగారు మాత్రం "నా రిజిస్టర్లు కూడా ఇట్లాగే వేరు వేరుగా ఉంటాయి కదండీ" అన్నారు.

"గెస్టు" అన్న మాట మీద ఒక పూట పోయింది. విద్యార్థిని చూడవచ్చిన తండ్రి గెస్టే, పరీక్షల రోజుల్లో ఉండిపోయిన డేస్కాలరూ గెస్టే, పక్క హాస్టల్ స్నేహితుడూ గెస్టే. మొదటివారి టోకెను విద్యార్థి బిల్లులో కలుస్తుంది, రెండోవారు రొక్కం ఇస్తారు, మూడోవారిది రెండు హాస్టళ్ళ మధ్య సర్దుబాటు. డబ్బు వచ్చే దారులు మూడయినప్పుడు మాట ఒక్కటే అయినా వస్తువులు మూడు. దీనికి ఇంతకంటే వివరణ అక్కరలేదు.

అసలు చిక్కు రేటు దగ్గర వచ్చింది. లెక్కగట్టి తెలుసుకోగలిగినదాన్ని నిల్వ చేయకూడదని మాకు పాఠం చెప్పారు. ఖర్చు ఉంది, దినాలు ఉన్నాయి, భాగించుకుంటే రేటు వస్తుంది, మరి దాన్ని ఉంచుకోవడమెందుకు? ఇప్పుడు ఆ కుర్రాడి పన్నెండు రోజులు తీసేసి చూడండి. 6,800 కాస్తా 6,788 అవుతుంది, రేటు రూ. 9.016 అవుతుంది. రోజుకు రెండు పైసలు కూడా తేడా లేదు, నెలంతా తిన్నవాడికి అర్ధరూపాయి. కానీ అప్పటికి బిల్లు బోర్డు మీద పడింది, జనం కట్టేశారు, రసీదులు ఇచ్చేశారు. ప్రోగ్రాం మళ్ళీ నడిపితే 240 మంది బిల్లులూ రసీదులతో సరిపోకుండా పోతాయి. బిల్లు ప్రకటించిన క్షణం నుంచి రేటు ఒక లెక్క కాదు, జరిగిపోయిన సంగతి. దాన్ని ప్రకటించిన తారీకుతో సహా నెల పట్టికలో నిలిపి ఉంచాలి. తర్వాత బయటపడిన తప్పును సర్దుబాటు అనే వేరే పట్టికలో వ్రాసి, అది తెలిసిన నెల ఖర్చులో కలపాలి. లెక్కల పుస్తకాల్లో అంకె మీద అంకె దిద్దకుండా కింద మరో పద్దు వ్రాసే అలవాటు ఇందుకే ఉంది. ఈ నియమం వార్డెన్ గారు చెప్పలేదు, నేను అడగలేదు. ఒక కుర్రాడికి అన్యాయం జరిగాక గానీ అలాంటి అవసరం ఉందని మాకెవరికీ తట్టలేదు.

ఈనాడు హాస్టల్ గుమ్మం దగ్గర వేలిముద్ర యంత్రాలు, చేతిలో ఫోన్లు వచ్చాయి. నా దగ్గర ప్రాజెక్టు చేసే పిల్లలు కొందరు "హాజరు యంత్రమే చూసుకుంటుంది సార్" అంటారు. గుమ్మం దాటినవాడు అన్నం తిన్నాడని యంత్రానికి ఎలా తెలుస్తుంది అని అడుగుతాను. గైరుహాజరు, లెటరు, మంజూరు ఇప్పటికీ మూడు పట్టికలే.

కొత్త రూపకల్పనను కాగితం మీద గుమాస్తాగారికి చదివి వినిపించాను. కంప్యూటర్ అన్న మాట లేదు గనుక ఆయనకు ఎక్కడా అడ్డు తగల్లేదు. రెండుచోట్ల ఆపి దిద్దారు. మంజూరు పట్టికలో "కారణం" అన్న గడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు. "ఇది ఉండనివ్వండి బాబూ, వార్డెన్ గారికి కావాలి. బోర్డు మీద వేసే బిల్లులో మాత్రం రాకూడదు. ఎవరింట్లో ఏం జరిగిందో అందరికీ ఎందుకు?" అన్నారు. అదీ ఒక అవసరమేనని వ్రాసుకున్నాను: కారణం చూడగలవారు ఇద్దరే.

1987 జనవరి బిల్లుకు సర్దుబాటు పట్టికలో మొట్టమొదటి వరుస ఎక్కింది. నెల 1986 ఆగస్టు, దినాలు 12, రేటు రూ. 9, మొత్తం రూ. 108. బోర్డు మీద ఆ కుర్రాడి పేరు ఎదురుగా "సర్దుబాటు రూ. 108" అని మాత్రమే పడింది. సాయంత్రం నా రూముకు వచ్చి "అన్నా, నా బిల్లులో ఏదో తక్కువ వేశారు, చూడండి" అన్నాడు.