ట్యూషన్ మాస్టారిని ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. లెక్కల్లో బాగా వెనకబడ్డాడు. వచ్చే ఏడాది పదో తరగతి కదా, ట్యూషన్ పెట్టిద్దామనుకుంటున్నాం. మంచి మాస్టారిని ఎలా గుర్తుపట్టాలి?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు బాబు ఎక్కడ ఆగిపోతున్నాడో చూడండి. పాత పరీక్ష పేపర్లు తీయండి. 1/2 + 1/3 ఎంత అంటే 2/5 అని రాస్తున్నాడంటే, లోపం తొమ్మిదో తరగతి పాఠంలో లేదు, భిన్నాల్లో ఉంది. ఆ పేపర్లు మాస్టారికి చూపించండి. వెంటనే ఫీజు మాట ఎత్తేవారికంటే, ‘ఇదెలా చేశావో చెప్పు నాన్నా’ అని పిల్లాణ్నే అడిగేవారు మేలు. తప్పు వెనకున్న ఆలోచనను పట్టుకున్నవారే దాన్ని సరిదిద్దగలరు.

ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి నిర్ణయించుకోవద్దు. బ్యాచ్‌లో ఎంతమందో అడగండి. ముప్పై మంది ఉంటే అది మరో తరగతి గదే. బడి టీచరునే అడుగుదామనుకుంటే ఒక మాట: విద్యాహక్కు చట్టం-2009, 28వ సెక్షన్ ప్రకారం బడి ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు.

ఒక నెల చూడండి. నేర్చుకున్న లెక్కను ఇంటికొచ్చి మీకు విడమరిచి చెబుతున్నాడా? తెలియనిది భయం లేకుండా అడుగుతున్నాడా? ఈ రెండూ కనిపిస్తే సరైన మాస్టారే దొరికారు.