ఇంటికి కరెంటు వైరు కొనే ముందు

మన హాస్టల్లో చదివినవాళ్ల ఇళ్లలో చాలావరకు ఒకే తరంలో గుడిసె నుంచి స్లాబు ఇంటికి వచ్చినవే. సిమెంటు, ఇటుక, తలుపుల దగ్గర అమ్మానాన్నలు పదిమందిని అడిగి, బేరమాడి, చేత్తో తట్టి చూసి మరీ కొంటారు. వైరింగ్ దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. "పాయింటుకు ఇంత, సామాను కూడా నీదే" అని మేస్త్రీకి గుత్తకు ఇచ్చేస్తారు. ఏ వైరు వేశాడో ఎవరూ చూడరు. గోడ పూత పూర్తయ్యాక చూద్దామన్నా కనిపించదు.

ఉత్తరం చదవాలన్నా, బ్యాంకు ఫారం నింపాలన్నా ఇంట్లో మనల్నే పిలుస్తారు. ఆ గడపలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మనమే కాబట్టి. వైరు కొనేటప్పుడు మాత్రం పిలవరు. పిలవకపోయినా మనం వెళ్లాలి. అందుకు కావలసింది పదో తరగతి భౌతికశాస్త్రం మాత్రమే.

వైరుకు రెండు పనులు

వైరులో రెండు భాగాలుంటాయి. లోపలి రాగి కరెంటును మోస్తుంది. పైనున్న తొడుగు, అంటే ఇన్సులేషన్, ఆ కరెంటును బయటికి రానివ్వదు. రాగి సన్నదైతే వైరు వేడెక్కుతుంది. వేడెక్కితే తొడుగు పాడవుతుంది. తొడుగు పాడైతే షాకు కొట్టవచ్చు, నిప్పు అంటుకోవచ్చు. కాబట్టి రెండూ చూసి కొనాలి.

"ఎంఎం" అంటే ఏమిటి?

కొట్లో "ఒకటిన్నర ఎంఎం", "రెండున్నర ఎంఎం" అంటారు. అది వైరు మందం కాదు. వైరును అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో. పైకి లావుగా ఉన్న వైరులో రాగి ఎక్కువ ఉంటుందని నమ్మకూడదు. నాసిరకం వైరులో తొడుగు లావుగా, రాగి సన్నగా ఉండవచ్చు.

దీన్ని మనమే లెక్క కట్టవచ్చు. ఉదాహరణకు 0.3 మి.మీ. వ్యాసం ఉన్న పోగులు 36 ఉన్నాయనుకుందాం. వృత్త వైశాల్యం సూత్రం ప్రకారం ఒక్కో పోగు 0.0707 చ.మి.మీ. దాన్ని 36తో గుణిస్తే సుమారు 2.5. అంటే అది రెండున్నర ఎంఎం వైరు. పోగుల సంఖ్య, మందం కంపెనీని బట్టి మారినా లెక్క ఇదే.

మన ఇంట్లో ఎంత కరెంటు పోతుంది?

ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు. వస్తువు మీద రాసి ఉన్న వాట్లను 230తో భాగిస్తే, సుమారుగా అది తీసుకునే ఆంపియర్లు వస్తాయి.

75 వాట్ల ఫ్యాను - 0.33 ఆంపియర్లు
1000 వాట్ల ఇస్త్రీపెట్టె - 4.3 ఆంపియర్లు
1500 వాట్ల నీళ్లు కాచే హీటరు కడ్డీ - 6.5 ఆంపియర్లు
2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ - 8.7 ఆంపియర్లు

ఒక్క హీటరు కడ్డీ దాదాపు ఇరవై ఫ్యాన్లకు సమానం. హాస్టల్ గదుల్లో హీటరు పెట్టవద్దని వార్డెన్ గారు ఎందుకు చెబుతారో ఈ లెక్కలోనే ఉంది. లైట్లకూ ఫ్యాన్లకూ వేసిన వైరు మీద, 6 ఆంపియర్ల ప్లగ్గులో ఆ బరువు పడుతుంది.

వేడి లెక్క

వైరులో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జౌల్ నియమం చదువుకున్నాం. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది.

మెయిన్ బోర్డు నుంచి వంటగది 15 మీటర్ల దూరం అనుకుందాం. పోనూ రానూ 30 మీటర్ల వైరు. ఇంట్లో వాడే సన్న పోగుల రాగి వైరుకు కిలోమీటరుకు నిరోధం 1 ఎంఎంలో 19.5 ఓంలు, 2.5 ఎంఎంలో సుమారు 8 ఓంలు. ఆ వైరు మీద ఇండక్షన్ స్టవ్ ఒక్కటే నడిస్తే 1 ఎంఎంలో 44 వాట్ల వేడి పుడుతుంది. 2.5 ఎంఎంలో 18 వాట్లే. అదే వైరు మీద ఇస్త్రీపెట్టె కూడా పెడితే కరెంటు 13 ఆంపియర్లు అవుతుంది. అప్పుడు 1 ఎంఎంలో దాదాపు 100 వాట్లు, 2.5 ఎంఎంలో 41 వాట్లు. పాతకాలపు వంద వాట్ల బల్బును గోడలో పూడ్చి వెలిగించినంత వేడి అన్నమాట. ఆ వేడికీ మీటరు తిరుగుతుంది, బిల్లు మనమే కడతాం.

ఏ పనికి ఏ వైరు?

లైట్లు, ఫ్యాన్లు, టీవీ, ఫోను చార్జర్లకు 1.5 ఎంఎం.
హీటరు, ఇస్త్రీ, మిక్సీ, ఫ్రిజ్ పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5 ఎంఎం. లైట్ల వైరు నుంచి అతుకు వేయకుండా మెయిన్ బోర్డు నుంచి విడిగా లాగాలి.
పెద్ద గీజరు, ఏసీలకు 4 ఎంఎం, ఒక్కోదానికి విడివిడిగా.
మీటరు నుంచి మెయిన్ బోర్డుకు ఇంటి మొత్తం లోడు లెక్కగట్టి 4 లేదా 6 ఎంఎం, అవసరమైతే ఇంకా పెద్దది.

ఇవన్నీ రాగి వైరుకు. అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 61 శాతమే. స్క్రూల దగ్గర త్వరగా వదులవుతుంది కూడా. ఇంటి లోపలికి రాగే మంచిది.

తొడుగు సంగతి

మామూలు పీవీసీ తొడుగు వైరు 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది. మన దేశంలో కంపెనీలు ఇచ్చే ఆంపియర్ల పట్టికలు సాధారణంగా చుట్టూ గాలి 40 డిగ్రీలు ఉంటుందన్న లెక్కతో తయారవుతాయి. అంటే వైరు వేడెక్కడానికి 30 డిగ్రీల సందు ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కింద 55 డిగ్రీలు ఉందనుకోండి. మిగిలే సందు 15 డిగ్రీలే. వేడి సగానికి తగ్గాలంటే కరెంటు సుమారు 70 శాతానికి తగ్గాలి. పట్టికలో 20 ఆంపియర్లు అని ఉన్న వైరు అక్కడ 14 మాత్రమే భరిస్తుంది. అందుకే రేకుల ఇంట్లో ఒక సైజు పెద్ద వైరు వేయించడం దుబారా కాదు. స్లాబు ఇంటికంటే రేకుల ఇంటికే మంచి వైరు అవసరం.

వైరు మీద "ఎఫ్ఆర్" అని ఉంటే మంట త్వరగా పాకదని అర్థం. "ఎఫ్ఆర్ఎల్ఎస్" అయితే పొగ కూడా తక్కువ. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది కంటి తడి, గొంతు తడి తగలగానే ఆమ్లంగా మారుతుంది. ఒకే గది, ఒకే తలుపు ఉన్న ఇంట్లో మంటకంటే ముందు పొగే మనిషిని పడేస్తుంది. "హెచ్ఎఫ్ఎఫ్ఆర్" రకంలో క్లోరిన్ వంటి హాలోజెన్లు ఉండవు. ధర ఎక్కువ. మన స్తోమతలో కనీసం ఎఫ్ఆర్ తీసుకోవాలి.

గోడలో వేసే వైరును ఎండలో, వానలో లాగకూడదు. కొన్నాళ్లకు తొడుగు పెళుసుబారి పగులుతుంది. అది ఇనుప రేకునో, బట్టలు ఆరేసే జీఐ తీగనో తాకితే అవీ షాకు కొడతాయి. తడి బట్ట వేయబోయి ప్రాణం పోయిన వార్తలు వానాకాలంలో చదువుతూనే ఉంటాం. బయటికి ఎండావానకు తట్టుకునే సర్వీసు వైరే వాడాలి. దండేనికి ప్లాస్టిక్ తాడు కట్టాలి, అది కరెంటు వైరుకు దూరంగా ఉండాలి.

వైరుకు కాపలా

మంచి వైరు వేసినా ఎంసీబీ సరిగా లేకపోతే ప్రయోజనం లేదు. 1.5 ఎంఎంకు 10 ఆంపియర్లు, 2.5 ఎంఎంకు 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టాలి. మాటిమాటికీ పడిపోతోందని పెద్దది పెట్టినా, ఫ్యూజులో లావు తీగ చుట్టినా, కాపలావాణ్ణి నిద్రపుచ్చినట్టే. ఫ్యూజు వైరుకంటే ముందు కాలాలి. దాని పనే అది.

ఆకుపచ్చ ఎర్త్ వైరు మూడో పిన్నుకు తప్పక వేయించాలి. ఖర్చు తగ్గించాలంటే మేస్త్రీలు మొదట వదిలేసేది దాన్నే. 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ కూడా ఒకటి పెట్టిస్తే, మనిషి గుండా కరెంటు నేలకు పోతున్నప్పుడు క్షణంలో సరఫరా ఆపేస్తుంది.

కొట్లో చూడవలసినవి

1. వైరు మీద కంపెనీ పేరు, సైజు, "ఐఎస్ 694" అచ్చు వేసి ఉండాలి.
2. ఐఎస్ఐ ముద్ర, దాని కింద "సీఎం/ఎల్" తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఈ వైర్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఆ సంఖ్యను ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలో నకిలీయో తెలుస్తుంది.
3. ఫేజుకు ఎరుపు, పసుపు లేదా నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. మొత్తం ఒకే రంగు కొంటే రేపు రిపేరుకు వచ్చినవాడి ప్రాణం మీదికి వస్తుంది.
4. బిల్లు తీసుకోవాలి. పైపులో వైరు లాగే రోజు మనం అక్కడ ఉండాలి. పైపు లోపల అతుకులు వేయనివ్వకూడదు.

మేస్త్రీ పనిని తప్పుపట్టడానికి కాదు ఈ మాటలు. ఇచ్చిన డబ్బుకు సరిపడే సామానే అతను తెస్తాడు. అందుకే గుత్తలో సామాను కలపకుండా, కూలి మాట్లాడి వైరు మనమే కొని ఇవ్వడం మేలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక కాగితం మీద ఇంట్లోని వస్తువుల వాట్లు రాసి, 230తో భాగించి, ఏ ప్లగ్గు మీద ఎంత బరువు పడుతోందో నాన్నకు చూపించండి. కొత్త ఇల్లు కట్టుకుంటున్న అన్నలూ, అక్కలూ! గోడ పూయకముందే ఆ కాగితం మేస్త్రీ చేతిలో పెట్టండి.